కడలి కావలివారు

విశాఖపట్నపు తీరమున నిలిచి సముద్రమువైపు చూచువారికి రెండు తీరుల సర్కారు ఓడలు కానవచ్చుచుండును. బూడిదరంగు పూసికొని ఫిరంగులతో నిండి యుండునది నౌకాదళపు ఓడ. తెల్లని మేనిపై ఏటవాలుగా నీలిపట్టె కలిగి యుండునది తీర రక్షక దళపు ఓడ. మొదటిదానిని గురించి పాఠ్యపుస్తకములలోను, పత్రికలలోను, యేటేట డిసెంబరులో జరుగు నౌకాదళ దినోత్సవములలోను మనము ఎంతో కొంత వినుచునే యున్నాము. రెండవదానిని గురించి తెలిసినవారు, వేటకుపోవు మత్స్యకారులను, వర్తక నౌకలపై బ్రతుకు గడుపువారిని మినహాయించినచో, బహు స్వల్పము. అదియు నౌకాదళములో ఒక శాఖయే యని భావించువారు అనేకులు. నిజమునకు అది వేరొక చట్టముచే ఏర్పడిన వేరొక సాయుధ దళము. యుద్ధమునాడు పోరుటకు నౌకాదళ మున్నది. యుద్ధము లేని నాళ్ళలో, అనగా దాదాపు ప్రతిదినమును, సముద్రముమీద నున్న మనిషిని, వాని సొత్తును, ఆ సముద్రమును సైతము కాచుటకు ఈ దళమున్నది. దీని పనితీరును పరిశీలించినకొలది నాకు దృఢపడిన విషయ మొక్కటి కలదు: సముద్రముపై ప్రాణరక్షణ యనునది రక్షకుడు ఒక్కడు చేయగల పని గాదు, ఆపదలో నున్నవాడును, తీరమున నున్న వానివారును అందులో సగము పాలు పంచుకొన్నప్పుడే అది నెరవేరును.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దాదాపు ముప్పదియేండ్లు మన దేశమున ఇట్టి దళమే లేదు. పశ్చిమతీరమున బంగారము మొదలగు సరకులను దొంగచాటుగా దింపు వ్యాపారము 1960 దాటిన తరువాత విజృంభించి, సుంకపు అధికారుల చిన్న పడవలకు అందకుండ పోయెను. యుద్ధమునకై నిర్మించిన పెద్ద ఓడలను ఈ దొంగల వెంట పరుగెత్తించుట ఖర్చునకును తగదు, నౌకాదళపు అసలు కర్తవ్యమునకును తగదు. ఇంతలో 1974లో బొంబాయికి పడమట సముద్రగర్భమున చమురు బయల్పడెను. 1976లో పార్లమెంటు సముద్ర మండలముల చట్టము చేసి, తీరమునుండి 200 నాటికల్ మైళ్ళవరకు గల సంపదపై దేశమునకు హక్కు ప్రకటించెను. హక్కు ప్రకటించిన తరువాత దానిని కాచువాడు వలయును గదా! సరిహద్దు భద్రతా దళమునకు తొలి అధిపతియైన కె.ఎఫ్. రుస్తంజీ అధ్యక్షతన 1974లో నియమింపబడిన సంఘము, రక్షణ మంత్రిత్వశాఖ క్రింద ప్రత్యేక దళము నొకదానిని ఏర్పరుపవలెనని సూచించెను. ఆ సూచన ననుసరించి 1977 ఫిబ్రవరి 1న, రెండు ఫ్రిగేట్లు, ఐదు గస్తీ పడవలు, మొత్తము ఏడు నౌకలతో తాత్కాలికముగా పని మొదలుపెట్టిన ఈ దళమునకు 1978 ఆగస్టులో చట్టబద్ధమైన ఉనికి సిద్ధించెను. తొలి డైరెక్టర్ జనరల్ వైస్ అడ్మిరల్ వి.ఎ. కామత్. దళము పుట్టిన 1977లోనే, నవంబరు 19వ తేదీని, మన దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణములను గొనిపోయెను. దేశమంతటికి ఏడు నౌకలు గల ఆనాటి పసిదళమునకును, నూటయేబది నౌకల ప్రాంతమునకు పెరిగిన నేటి దళమునకును గల అంతరమును మన తీరవాసులు ఆ సంవత్సరమును తలచుకొని కొలుచుకొనవచ్చును.

వీరి పహరాలో నున్న జలరాశి యెంతటిదో ముందు గ్రహించుట మంచిది. తీరమునుండి 12 నాటికల్ మైళ్ళవరకు గల జలములు దేశపు భూభాగముతో సమానములు. అటుపిమ్మట 200 మైళ్ళవరకు చేపలమీదను, ఖనిజములమీదను, చమురుమీదను మనకే హక్కు. నాటికల్ మైలన 1,852 మీటర్లు. ఈ మొత్తము మండలము సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇక ఆపన్నులను వెదకి రక్షించు బాధ్యతకు సంబంధించిన మండలము, ఇతర దేశములతో పంచుకొనిన ఏర్పాటు ప్రకారము, 46 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశపు నేల వైశాల్యముకంటె ఇది మిక్కిలి పెద్దది. ఈ పనికై ముంబై, చెన్నై, శ్రీ విజయపురము (మునుపటి పోర్టుబ్లెయిరు) అను చోట్ల మూడు సమన్వయ కేంద్రములు అహోరాత్రములు మేలుకొని యుండును. మన ఆంధ్రతీరమునకు సంబంధించిన జిల్లా ప్రధాన కార్యాలయము విశాఖపట్నమునను, స్టేషనులు కాకినాడ, నిజాంపట్నము, కృష్ణపట్నములందును నెలకొనియున్నవి.

ఈ కొలువులో చేరు యువకుడు ఏమి చేయును? పదవ తరగతి చదివినవాడు వంట, వడ్డన, భాండారము మొదలగు శాఖలలోను, ఇంటర్మీడియట్‌లో గణితము, భౌతికశాస్త్రము చదివినవాడు సాధారణ విధులలోను నావిక్‌గా చేరవచ్చును. డిప్లొమా గలవాడు యాంత్రిక్ కావచ్చును. పట్టభద్రులు పోటీ పరీక్షలో నెగ్గి అసిస్టెంట్ కమాండెంట్ పదవిలో అడుగిడుదురు. నావిక్‌లకు తొలి శిక్షణ ఒడిశాలోని చిల్కాయందును, అధికారులకు కేరళలోని ఎళిమలయందును జరుగును. ఈత, పడవ నడపుట, అగ్నిమాపనము, ప్రథమచికిత్స, తుపాకి, తాడుముడులు మొదలుగా నేర్పబడునవన్నియు ఓడమీద అడుగిడిన తరువాత గాని ఒంటబట్టవు. ఓడపై దినము నాలుగేసి గంటల వంతులుగా విభజింపబడి యుండును, వీనిని వాచ్‌లందురు. అర్ధరాత్రినుండి నాలుగింటివరకు కాపలా కాచినవాడు మరునాడు సరిగా అదే వేళకు మరల రాకుండుటకై, సాయంకాలమున నాలుగు గంటల వాచ్‌ను రెండుగా చీల్చి, వంతులు జరుపుదురు. వాచ్‌లో నున్న కాలమున ఒకరు చుక్కాని పట్టుదురు, ఒకరు రాడారు తెరపై చూపు నిలుపుదురు, ఒకరు దుర్భిణితో నలుదిక్కులు గాలింతురు, ఒకరు పదునారవ చానలుపై రేడియోకు చెవియొగ్గి యుందురు. క్రింద ఇంజను గదిలో ఉన్నవారికి ఆకాశమే కానరాదు. ఉక్కయు, చప్పుడును, నూనె వాసనయే వారి లోకము. వాచ్ దిగిన పిమ్మటను పని తప్పదు. ఉప్పుగాలి ఇనుమును దినదినము తినుచుండును గనుక తుప్పు గోకుటయు, రంగు పూయుటయు ఓడ బ్రతికియున్నంతకాలము సాగు పనులు.

గస్తీ తిరుగు ఓడ చేయు పనులలో తరచైనది పడవల తనిఖీ. అలలపై నూగుచున్న మరబోటు చెంతకు పెద్ద ఓడ రాజాలదు, వచ్చినచో బోటు నుగ్గగును. కావున రబ్బరు పడవ నొకదానిని దింపి, నలుగురైదుగురు దానిలో దిగి, బోటు ప్రక్కకు చేరుదురు. రెండు పడవలును ఒకదానికొకటి సరిపడక ఒకటి లేచునప్పుడు ఒకటి పడుచుండగా, రెండును సమమట్టమునకు వచ్చు క్షణము కనిపెట్టి ఇందుండి అందులోనికి కాలు పెట్టవలెను. ఆ క్షణము తప్పినవాని కాలు రెండింటి నడుమ నలుగును. ఎక్కిన తరువాత రిజిస్ట్రేషను కాగితములు, గుర్తింపు కార్డులు, లైసెన్సు, వలలు, పట్టిన చేపలు వరుసగా చూతురు. మన తీరమున, తెలుగువాడైన నావిక్ ఉన్నచో, ఆ తనిఖీ చాలవరకు ఊరివాడితో మాటలాడినట్లు సాగును. “ఎంతమందున్నారు బాబాయ్?” “ఏడుగురం బాబూ.” “లైఫ్ జాకెట్లు ఏవీ?” “కింద పెట్టాం బాబూ, ఒంటిమీదుంటే వల లాగడానికి అడ్డం.” ఈ చివరి సమాధానములో అబద్ధము లేదు, తడిసిన వలను గుంజు వానికి జాకెట్టు నిజముగానే అడ్డము. ఐనను కాలుజారి నీటిలో పడిన మనుష్యునకు పడవ అడుగున కట్టిపెట్టిన జాకెట్టు ఉన్నను లేకున్నను ఒకటియే. అందుచేత ఆ యువకుడు జరిమానా మాట యెత్తక, గాలి మారిన వెంటనే తొడుగుకొనుమని నచ్చజెప్పుటకే యెక్కువ కాలము వెచ్చించుట యుచితము. ఈ దళమువారు జాలరి గ్రామములకు పోయి సభలు జరిపి, ఇదే మాటను ఒడ్డుననే చెప్పుటను తమ విధులలో ఒకటిగా చేసికొన్నారు.

ఆపద సంభవించిన తరువాత వెదకుట యెంత కష్టమో తెలిసినప్పుడు గాని ఈ హెచ్చరికల విలువ బోధపడదు. పడవ మునిగిన స్థలము తెలిసినను, వార్త అందునప్పటికి మనిషి ఆ స్థలమున నుండడు. ప్రవాహము ఒకవైపు, గాలి వేరొకవైపు లాగుచుండును. తేలు పడవ యొక త్రోవను, మునుగు పడవ యొక త్రోవను, జాకెట్టు తొడిగిన మనిషి వేరొక త్రోవను పోవుదురు. వెదకవలసిన వృత్తపు వ్యాసార్ధము రెట్టింపైనప్పుడు వైశాల్యము నాలుగింతలగును గనుక, వార్త అందుటలో జరిగిన ప్రతి గంట ఆలస్యమును అన్వేషకునిపై బరువును ఎన్నో రెట్లు పెంచును. విమానమునుండి చూచు కన్నులకు కెరటముల నడుమ మనిషి తల తేలుచున్న కొబ్బరికాయవలె కనబడును. తెల్లని నురుగులు లేచిన దినమున అదియు కానరాదు. అందుచేత అన్వేషణము ఊహమీద సాగదు, లెక్కమీద సాగును. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము ఇన్‌కాయిస్ 2016లో సిద్ధపరచిన ‘సరాట్’ అను సాధనము, తప్పిపోయిన వస్తువు ఏ రకమైనదో, కడపట ఎక్కడ కనిపించినదో చెప్పినచో, గాలిని, ప్రవాహమును లెక్కగట్టి అది ఉండదగిన ప్రదేశమును చూపును. తెలుగుతో సహా తీరరాష్ట్రముల భాషలలో అది లభించుచున్నది. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదు నగరము కడలిపై ప్రాణము నిలుపు పనిలో ఈ విధముగ పాలుపంచుకొనుచున్నది. ఆ లెక్క ననుసరించి డార్నియర్ విమానము సమాంతరములైన గీతలుగానో, చతురస్రములుగా విస్తరించుచునో ఎగురుచు గాలించును. ఓడ దాని సూచనలను పట్టి సాగును.

ఈ లెక్క కంతటికి మొదలు ఒక వార్త. ఆ వార్త పంపుటకు ఇస్రో రూపొందించిన ఆపద సంకేత యంత్రము మత్స్యకారుల చేతికి వచ్చినది. మీట నొక్కినచో ఉపగ్రహము ద్వారా పడవ యున్న తావు ఒడ్డుకు తెలియును. 2024లో వచ్చిన క్రొత్త రకములో, పిలుపు అందినదను సమాధానము తిరిగి పడవకు చేరు ఏర్పాటును కలదు. నడిసముద్రమున ఇంజను చచ్చి, రాత్రి గడుపుచున్న వానికి తన మాట ఎవరికో వినబడినదని తెలియుట యెంతటి ధైర్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

సమయమునకు చేరుట యనగా ఏమో విశాఖవాసులకు 2019 ఆగస్టు 12న తెలియవచ్చెను. ఆనాడు తీరమునకు సమీపముననే ‘కోస్టల్ జాగ్వార్’ అను సహాయక నౌకపై మంటలు లేచెను. అందున్న 29 మంది ప్రాణభీతిచే సముద్రములోనికి దుమికిరి. సమీపముననున్న తీరరక్షక నౌక ‘రాణీ రాష్‌మణి’ అక్కడికి చేరి 28 మందిని నీటినుండి పైకి దీసెను, ఒక్కడు దక్కలేదు. ఈ నౌకను గురించి ఒకమాట చెప్పవలసియున్నది. రాణీ అబ్బక్క పేరిట మొదలైన ఐదు గస్తీ నౌకల వరుసలో ఇది చివరిది. ఐదును విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులోనే నిర్మింపబడినవి. సుమారు 51 మీటర్ల పొడవు గలిగి, నీటిని వెనుకకు చిమ్ముచు గంటకు 34 నాటికల్ మైళ్ళ వేగముతో పోగల ఈ నౌక 2018లో కొలువులో చేరినది. విశాఖ కార్మికులు అతికిన ఉక్కు, ఏడాది తిరిగిన కొలదికాలమునకే, విశాఖ యెదుట ఇరువదియెనిమిది కుటుంబములను నిలబెట్టినది.

తుపాను దినములలో ఈ దళపు పని నీటిలోనుండి మనిషిని తీయుట కంటె, నీటిలోనికి మనిషిని పోనీయకుండుటయందే ఎక్కువగా నుండును. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలగూలుటయే గాక, వేటకు పోయిన మత్స్యకారులు వందలకొలది తిరిగి రాలేదు. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి పల్లెలలో ఆ రాత్రిని మరచిన ఇల్లు లేదు. ఇప్పుడు వాయుగుండము బలపడు సూచన వాతావరణశాఖనుండి వచ్చినతోడనే, తీరరక్షకుల ఓడలును, విమానములును సముద్రముపై తిరుగుచు రేడియోలోను, మైకులలోను తెలుగున హెచ్చరించుచు, బోట్లను వెనుకకు మళ్ళించును. తీర కేంద్రములు కలెక్టరులతోను, మత్స్యశాఖతోను మాటలాడి యే రేవునుండి ఎన్ని బోట్లు పోయినవో, ఎన్ని వచ్చినవో సరిచూచుకొనును. ఈ లెక్క సరిపడవలెనన్న, పోవునప్పుడు ఎవరు పోయిరో ఒడ్డున ఎవరికో ఒకరికి తెలిసియుండవలెను. పేరు వ్రాయించక బయలుదేరిన పడవ తుపానులో చిక్కినచో, దానిని వెదకవలెనని సైతము ఎవరికిని తెలియదు.

అగ్నియు, చమురును కూడినప్పుడు ఈ దళపు విద్యకు మరొక పరీక్ష. 2020 సెప్టెంబరు 3న శ్రీలంకకు తూర్పున ‘న్యూ డైమండ్’ అను చమురు ఓడ ఇంజను గదిలో ప్రేలుడు జరిగెను. కువైటునుండి పారాదీప్‌నకు వచ్చుచున్న ఆ ఓడలో సుమారు 2,70,000 టన్నుల ముడిచమురు కలదు. అది సముద్రము పాలైనచో తీరముల బ్రతుకు తరముల పర్యంతము చెడును. మన తీరరక్షక నౌకలు శ్రీలంక నౌకలతో గూడి, చమురు తొట్ల గోడలు కాగి పగులకుండునట్లు ఎడతెగక నీటిని చిమ్ముచు, నురుగును చల్లుచు పోరాడినవి. మంట యొకసారి అణగి మరల రాజుకొన్నను విడువలేదు. నావికు డొకడు మరణించెను. మిగిలిన 22 మందియు దక్కిరి. తొట్లలోని ముడిచమురు సముద్రము పాలుకాలేదు. విశాఖ కేంద్రముగా పనిచేయు కాలుష్య నివారణ నౌక ‘సముద్ర పహరేదార్’ ఈ కార్యమున పాల్గొన్నది.

దొంగలను పట్టుటయు వీరి విధులలోనిదే. 1999 అక్టోబరులో ఇండోనేషియానుండి 7,000 టన్నుల అల్యూమినియముతో బయలుదేరిన ‘అలోండ్రా రెయిన్‌బో’ అను జపాను ఓడను దొంగలు వశపరచుకొని, పేరు మార్చి, అరేబియా సముద్రమున తీసికొనిపోవుచుండగా, తీరరక్షకుల విమానము దానిని గుర్తించెను. ‘తారాబాయి’ అను గస్తీ నౌక వెంబడించి, నౌకాదళపు ‘ప్రహార్’ తోడ్పాటుతో, ఓడను ముంచివేయ యత్నించుచున్న పదునైదుగురు దొంగలను నవంబరు 16న పట్టుకొనెను. పట్టుట వీరి పని. శిక్షించుట చట్టపు పని. నాడు మన దేశమున సముద్రపు దొంగతనమునకు ప్రత్యేక చట్టము లేదు. 2022 డిసెంబరులో పార్లమెంటు దానిని ఆమోదించినది. 2008 నవంబరులో ఉగ్రవాదులు సముద్రమార్గమున వచ్చి ముంబైపై దాడి చేసిన తరువాత, తీరజలముల భద్రతా బాధ్యతయు ఈ దళమునకే అప్పగింపబడి, తీరము పొడవునను రాడారులు వెలసినవి. ఐనను రాడారు తెరపై వేలకొలది చుక్కలలో తేడాగల చుక్కను చూపగలవాడు, ఆ జలములలో అనుదినము తిరుగు మత్స్యకారుడే. ఆ మత్స్యకారుడే ఒక్కొక్కప్పుడు తెలియక సరిహద్దు దాటును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి గుజరాతులోని వేరావల్‌కు వలసపోయి వేటాడువారిలో ఇరువదిమంది 2018లో పాకిస్థానువారికి చిక్కి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. ఆ పదునాలుగు నెలలు వారి పల్లెలలో గడచిన తీరు ఎరిగినవారికి, సరిహద్దు దగ్గర వెనుకకు మళ్ళించు గస్తీ ఓడ వేటకు అడ్డుపడునట్లు తోచదు.

మనుష్యులతోనే వీరి కావలి ముగియదు. చలికాలమున గ్రుడ్లు పెట్టుటకు వేలకొలది వచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ట్రాలరు వలలలో చిక్కి ఊపిరాడక చచ్చుచుండుట కారణముగా, ఒడిశాలోని గహీర్‌మఠా మొదలగు తావుల యెదుట ప్రతియేట ‘ఆపరేషన్ ఒలీవియా’ పేరిట గస్తీ జరుపుచున్నారు.

ఈ కొలువునకు చెల్లించు వెలయు కలదు. 2015 జూన్ 8న తమిళనాడు తీరమున గస్తీ తిరుగుచున్న డార్నియర్ విమానము ముగ్గురితో సముద్రమున పడిపోయెను. 2024 సెప్టెంబరు 2న పోరుబందరు యెదుట, ఒక చమురు నౌకపై గాయపడినవానిని తెచ్చుటకు రాత్రివేళ పోయిన హెలికాప్టరు కూలి ముగ్గురు మరణించిరి. వారు పోయినది యుద్ధమునకు గాదు, ముఖమెరుగని యొక నావికుని ఆస్పత్రికి చేర్చుటకు. ఇట్టి మరణములు వీరమరణములలో లెక్కింపబడవలెనని నా దృఢవిశ్వాసము.

ఇంత చేయు దళమునకు మనము తిరిగి చేయదగినది స్వల్పము; ఐనను దానిలోనే వారి శ్రమ ఫలించుటయు, వృథయగుటయు ఇమిడియున్నవి. పడవ బయలుదేరుటకు ముందు అందరి పేర్లును రేవున వ్రాయించుట. సంకేత యంత్రమును పెట్టెలో దాచక చేతికందునట్లుంచుట. గాలి మారగానే జాకెట్టు తొడుగుట. తుపాను హెచ్చరిక విన్నంతనే, వలలో చేప నిండుగ పడుచున్నను, తిరిగివచ్చుట. ఒడ్డుననున్నవారు ఈ దళపు ఆపత్కాల ఫోను 1554 అను సంఖ్యను ఇంటి గోడపై వ్రాసికొని, పడవ రాక ఆలస్యమైన తోడనే పిలుచుట. మరియు తీరగ్రామములలోని పిల్లలు, సముద్రపు గుణమును పుట్టుకతో నెరిగినవారు, గణితము, భౌతికశాస్త్రము శ్రద్ధగా చదివి ఈ దళమున చేరవలెను. వారిని చదివించుటకు ప్రభుత్వమును, పెద్దలును పూనుకొనవలెను. తన ఊరి పడవను, తన ఊరి మాటను, తన ఊరి గాలిని ఎరిగినవాడు ఆ తెల్లని ఓడపై నిలిచిననాడు, వార్త పంపువానికిని అందుకొనువానికిని నడుమ దూరము తగ్గును; సముద్రముపై ప్రాణము నిలుచుట ఆ దూరము తగ్గుటమీదనే ఆధారపడియున్నది.